గొట్టం మన పొలంలో, పుస్తకం వాళ్ళ గదిలో

పోయిన నెలలో భావనపాడులో వ్యవసాయ కార్మికుల సమావేశం పెట్టుకున్నాం. ఎజెండాలో రెండే విషయాలు: కూలి రేట్లు, ఇళ్ళ స్థలాలు. సముద్రం గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే వాటి మీద రాయి పెట్టుకుని మాట్లాడుకుంటున్నాం. సమావేశం ముగిసిపోతుందనగా ఉప్పు మళ్ళ పనికి పోయే ఒక పెద్దామె లేచింది. "బాబూ, మూలపేట కాడ పోర్టు కడతన్నారు కదా. పోర్టంటే ఓడలొస్తాయి. ఓడలొస్తే ఆయిలొస్తాది. ఆయిలొస్తే గొట్టాలేస్తారు. ఆ గొట్టానికి కాపలా ఎవులు? రేత్రి కాడ అది పేలితే మాకు సెప్పీదెవులు?" అంది.

కంట్రోల్ రూం అని ఒకటుంటుందనీ, అందులో మనుషులు రాత్రింబవళ్ళు కూర్చుని చూస్తుంటారనీ చెప్పాను. "ఆ గది ఎక్కడుంటాది?" అని అడిగింది. వంద, రెండు వందల కిలోమీటర్ల అవతల ఉండొచ్చునన్నాను. "అక్కడ కూకున్నోడికి మా ఊరి పేరు తెలుస్తాదా మరి?" అంది.

ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేకపోయింది. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. చట్టాలు, నిబంధనలు అంటే ఎవరో ఒకరిని పట్టుకుని చదివించుకుని, అర్థం చెప్పించుకుని తెలుసుకోవలసిందే. నెల రోజులుగా అదే పని చేశాను. తెలిసినంత వరకూ ఇక్కడ రాస్తున్నాను.

ముందొక మాట. గొట్టాలు మన జిల్లాకు కొత్త కాదు. ఒరిస్సాలోని పారాదీప్ నుంచి హైదరాబాదుకు ఇండియన్ ఆయిల్ వారు వేసిన లైను 1,212 కిలోమీటర్లు. పెట్రోలు, డీజిలు బరంపురం దాటి విశాఖ చేరాలంటే మన జిల్లా పొలాల కింద నుంచే పోవాలి. గ్యాసు లైన్ల సంగతి చూస్తే కాకినాడ-విశాఖ-శ్రీకాకుళం అని ఒకటి, శ్రీకాకుళం-అంగుల్ అని మరొకటి. రెంటికీ మన జిల్లా పేరే పెట్టారు. ఇక మూలపేటలో 2023 ఏప్రిల్ 19న పోర్టుకు శంకుస్థాపన జరిగింది. మొదట దాన్ని భావనపాడు పోర్టు అనే పిలిచేవారు. పేరు మారింది గానీ సముద్రం మారలేదు, చుట్టూ ఉన్న ఊళ్ళూ మారలేదు. పెద్దామె అడిగింది ఊహకు అందని విషయం కాదు. రేవు వెనకాల ట్యాంకులు, ట్యాంకుల వెనకాల గొట్టాలు రావడం విశాఖలో మనం చూసిందే.

కాలువ గేజీ లాంటిదే

కంట్రోల్ రూం అంటే ఏమిటో మన శివారు రైతుకు వేరే చెప్పనక్కరలేదు. వంశధార ఎడమ కాలువ ఉంది. గొట్టా బ్యారేజీ దగ్గర ఇంత నీరు వదిలామని పుస్తకంలో రాస్తారు. దారి పొడుగునా గేజీలుంటాయి. లస్కరు రీడింగు చూసి రాసుకుంటాడు. పై గేజీలో ఇంత పోయింది, కింది గేజీలో ఇంత వచ్చింది, మధ్యలో తేడా ఉంటే ఎక్కడో గండి పడిందనో, ఎవరో తూము ఎత్తారనో అర్థం.

పైపులైను కూడా అంతే. లోపల నీటికి బదులు పెట్రోలో, గ్యాసో ఉంటుంది. కొన్ని కిలోమీటర్లకొక వాల్వు, అక్కడక్కడ ఒత్తిడి కొలిచే సాధనాలు పెడతారు. ఆ అంకెలు తీగల ద్వారా, ఉపగ్రహం ద్వారా క్షణాల మీద కంట్రోల్ రూంలోని తెరల మీదికి వస్తాయి. ఈ ఏర్పాటును స్కాడా అంటారు. ఒత్తిడి పడిపోతే అలారం మోగుతుంది. డ్యూటీలో ఉన్నవాడు దాన్ని చూసి, అదేమిటో తేల్చి, అవసరమైతే పంపు ఆపి వాల్వు మూయాలి. చేసిన ప్రతి పనీ, మోగిన ప్రతి అలారమూ, షిఫ్టు మారేటప్పుడు తర్వాతివాడికి చెప్పిన ప్రతి మాటా పుస్తకంలోకి ఎక్కాలి. ఈ రోజుల్లో చాలా భాగం కంప్యూటరే రాసుకుంటుందనుకోండి.

గేజీ పుస్తకం సంగతి మనకు తెలుసు కదా. పుస్తకంలో నీళ్ళు పారుతుంటాయి, శివారు మడి నెర్రెలు విచ్చి ఉంటుంది! "నీరు వదిలాం, రికార్డు చూసుకోండి" అంటారు ఇంజనీర్లు. ఆ మాట వినని శివారు రైతు మన మండలాల్లో ఉండడు. కాలువ పుస్తకం తప్పయితే పంట ఎండుతుంది. గొట్టం పుస్తకం తప్పయితే ఊరు తగలబడుతుంది.

నగరం చెప్పిన పాఠం

2014 జూన్ 27. తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామం. తెల్లవారుజామున అయిదున్నర ప్రాంతంలో తాటిపాక దగ్గర గెయిల్ గ్యాసు పైపులైను పగిలింది. గ్యాసు ఊరి మీద మంచులాగ పరుచుకుంది. ఎక్కడో నిప్పు తగిలి మొత్తం అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలుచున్న చోటే మాడిపోయాయి. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోయారు.

తర్వాత విచారణలు జరిగాయి. తేలిందేమిటి? ఆ లైను పొడి గ్యాసు కోసం వేసింది. పంపినది నీరూ, ద్రవాలూ కలిసిన తడి గ్యాసు. గ్యాసులో తడి తీసే యూనిట్ పెట్టవలసి ఉండగా పెట్టలేదు. ఏళ్ళ తరబడి ఆ తడి గొట్టాన్ని లోపలి నుంచి తినేసింది. కాగితం మీద పొడి గ్యాసు లైను, భూమిలో తడి గ్యాసు లైను! ఇదే నేను పదేపదే చెప్పదలచుకున్న సంగతి. ప్రమాదం గొట్టం పగిలిన నాడు మొదలవలేదు. కాగితానికీ భూమికీ పొంతన తప్పిన నాడే మొదలయింది.

గ్యాసు వాసన వస్తోందని తాము ముందే చెప్పామని నగరం గ్రామస్తులు అప్పుడు మొత్తుకున్నారు. ఆ మాట ఏ పుస్తకంలోకి ఎక్కింది? రైతు ఫోను చేసి చెప్పిన మాటకు, కూలివాడు నోటితో చెప్పిన మాటకు కంట్రోల్ రూం పుస్తకంలో ఒక గడి ఉంటే, దాని ఎదురుగా "ఏమి చర్య తీసుకున్నారు" అన్న గడి నింపవలసి వస్తే, నగరం కథ ఇంకోలా ఉండేదేమో. చనిపోయిన కుటుంబానికి 25 లక్షలు ఇచ్చారు. మన పోరాటాల వల్లనే అంత వచ్చింది. అయితే డబ్బు లెక్క తేలినంత తొందరగా తప్పు లెక్క తేలలేదు.

మన ఉత్తరాంధ్ర అనుభవం కూడా అటువంటిదే. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పిసిఎల్ రిఫైనరీలో రేవు నుంచి ట్యాంకులకు గొట్టం ద్వారా వంట గ్యాసు ఎక్కిస్తుండగా లీకై పేలింది. అరవై మంది దాకా బలయ్యారు. 2020 మే 7న వెంకటాపురంలో ఎల్‌జి పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చి పన్నెండు మంది చనిపోయారు. అది గొట్టం కాదు, ట్యాంకే. కానీ కంట్రోల్ రూం రికార్డు ఎంత మోసం చేస్తుందో దాన్ని మించిన ఉదాహరణ లేదు. ట్యాంకు వేడి కొలిచే సాధనం అడుగున ఉంది. వేడెక్కింది పైభాగం. అడుగున తీసిన రీడింగు పుస్తకంలో రాసుకుంటూ పోయారు, అంతా సవ్యంగానే కనబడింది! అలారం మోగించడానికి ఫ్యాక్టరీలో 36 చోట్ల ఏర్పాటు ఉందని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే చెప్పింది. ఆ రాత్రి ఒక్కటీ మోగలేదు. ఊరివాళ్ళు సైరను విని లేవలేదు, ఊపిరాడక లేచారు.

భోపాల్ నాటి నుంచీ ఇదే వరస. 1984 డిసెంబరు 2 రాత్రి పదింబావు దాటాక ట్యాంకు ఒత్తిడి రెండు అని రాశారు. పదకొండు గంటలకు పది ఉంది. మధ్యలో షిఫ్టు మారింది. కొత్తగా వచ్చినవాడికి పది అనేది మామూలు అంకెలాగే తోచింది, ఎందుకంటే అరగంట కిందట అది రెండేనన్న సంగతి అతని ముందుకు రాలేదు. ఖర్చు తగ్గించే పేరుతో ఆ విభాగంలో పన్నెండు మంది చేసే పనిని యాజమాన్యం అప్పటికే ఆరుగురికి దించేసింది. తప్పు ఆ పాపం కొత్త షిఫ్టువాడిదా, మనుషుల్ని సగానికి కోసినవాడిదా?

అమెరికావాడి పుస్తకాలు

పెట్టుబడిదారీ దేశాల్లో అంతా సవ్యంగా ఉంటుందని చెప్పేవాళ్ళకు కొదవ లేదు. చూద్దాం.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం బెల్లింగ్‌హాం పట్నంలో 1999 జూన్ 10న పెట్రోలు లైను పగిలింది. ఆ సమయంలో కంట్రోల్ రూం కంప్యూటర్ మొరాయించింది. నడుస్తున్న యంత్రం మీదనే ఎవరో మార్పులు చేస్తున్నారు. పెట్రోలు వాగులోకి పోయి అంటుకుంది. పదేళ్ళ పిల్లలు ఇద్దరు, పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు ఒకడు పోయారు. తల్లిదండ్రులు, ఊరి జనం ఊరుకోలేదు. కదలిక పుట్టింది. 2006లో చట్టం వచ్చింది. 2009 డిసెంబరులో కంట్రోల్ రూం నడపడానికి ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి. నిబంధనలు అక్కడ కూడా దయతో రాలేదు, శవాల మీదుగా వచ్చాయి.

ఆ నిబంధనలు చదివించుకుని విన్నాను. మనకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. షిఫ్టు మారేటప్పుడు ఏమి అప్పజెప్పారో రాతలో ఉండాలి. డ్యూటీ గంటలకు హద్దు ఉండాలి, రెండు డ్యూటీల మధ్య ఎనిమిది గంటలు నిద్రపోయే వీలుండాలి. ఏయే అలారాలను నోరు నొక్కి ఉంచారో ప్రతి నెలా చూసి తేల్చాలి. నియమం తప్పి నడిపిన ప్రతిసారీ అది ఎందుకు అవసరమైందో కాగితం మీద చూపాలి. తనిఖీకి వచ్చినవాడు అడిగితే పుస్తకం తీసి పెట్టాలి. పుస్తకం లేకపోతే పని చేయనట్టే లెక్క. ఈ ఆఖరి సూత్రం నాకు నచ్చింది. ఉపాధి పనుల్లో మస్టరులో పేరు లేకపోతే ఎండలో మట్టి మోసినా కూలి రాలేదు కదా. కూలివాడికి వర్తించిన సూత్రం కంపెనీకి కూడా వర్తించాలి.

అయితే నిబంధన ఉంటే చాలునా? నిబంధనలు వచ్చిన మరుసటి ఏడాదే 2010 జూలై 25న మిషిగన్ రాష్ట్రం మార్షల్ దగ్గర ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ ముడి చమురు లైను పగిలింది. కంట్రోల్ రూం పొరుగు దేశం కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉంది. అలారాలు మోగుతూనే ఉన్నాయి. గొట్టంలో ఖాళీ ఏర్పడి ఉంటుందిలే అనుకున్నారు. మూడు షిఫ్టుల వాళ్ళు చూశారు. రెండుసార్లు పంపులు మళ్ళీ వేశారు. పదిహేడు గంటల పైన అలా సాగింది. బయటికి పోయిన చమురులో నూటికి ఎనభై పాళ్ళు ఆ రెండు పంపింగుల్లోనే పోయింది. చివరికి సంగతి చెప్పింది కంప్యూటర్ కాదు, ఆ ఊళ్ళో ఇంకో గ్యాసు కంపెనీలో పని చేసే మనిషి ఫోను చేసి చెప్పాడు. వాసన వస్తోందని జనం ముందురోజు రాత్రే అత్యవసర నంబరుకు ఫోను చేశారు. ఆ కబురు ఎడ్మంటన్ గదికి చేరనేలేదు. "అక్కడ కూకున్నోడికి మా ఊరి పేరు తెలుస్తాదా" అన్న పెద్దామె ప్రశ్న మళ్ళీ చదవండి.

అదే ఏడాది సెప్టెంబరు 9న కాలిఫోర్నియాలో సాన్ బ్రూనో. పిజి అండ్ ఇ అనే కంపెనీ గ్యాసు లైను ఇళ్ళ మధ్య పేలింది. ఎనిమిది మంది చనిపోయారు, 38 ఇళ్ళు బూడిదయ్యాయి. గ్యాసు ఆపడానికి గంటన్నర పట్టింది. కంపెనీ రికార్డుల్లో అక్కడ వేసింది అతుకు లేని గొట్టం అని ఉంది. తవ్వి చూస్తే 1956లో వేసిన అతుకుల గొట్టం, ఆ అతుకులూ సరిగా పడనివి. అంటే యాభై నాలుగేళ్ళు ఆ ఊరి జనం ఒక అబద్ధం మీద కాపురం చేశారు. 2015లో రాష్ట్ర నియంత్రణ సంస్థ 160 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. 2016లో జ్యూరీ ఆ కంపెనీని ఆరు నేరాల్లో దోషిగా తేల్చింది. అందులో గొట్టాల సమాచారం సరిగా సేకరించి చూసుకోకపోవడం కూడా ఉంది, విచారణకు అడ్డుపడడం కూడా ఉంది. గొట్టం గురించి తెలుసుకోవలసింది తెలుసుకోకపోతే నేరమే అవుతుందని కోర్టు ఒప్పుకుంది. జైలుకు మాత్రం ఒక్కడూ పోలేదు. అది వాళ్ళ వ్యవస్థ!

మన దేశంలో ఎవరు చూస్తారు?

చూసేవాళ్ళు ఇద్దరున్నారు. భోపాల్ తర్వాత 1986లో ఆయిల్ పరిశ్రమ భద్రతా డైరెక్టరేటు పెట్టారు, ఓఐఎస్‌డి అంటారు. చమురు లైన్లకు 141 నంబరు ప్రమాణం, గ్యాసు లైన్లకు 226 నంబరు ప్రమాణం దానివే. 2006 చట్టంతో పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు వచ్చింది. ఆ బోర్డు 2009లో గ్యాసు లైన్ల సాంకేతిక ప్రమాణాలు, 2010లో అత్యవసర ప్రణాళికల నిబంధనలు, 2012లో గొట్టం పటిష్ఠత చూసే నిబంధనలు చేసింది. చదివితే బాగానే ఉంటాయి. లీకు కనిపెట్టే ఏర్పాటు ఉండాలి, లైను వెంబడి గస్తీ ఉండాలి, తనిఖీ జరగాలి, రికార్డు ఉంచాలి అంటాయి. నగరం పేలింది ఈ నిబంధనలన్నీ వచ్చిన తర్వాతే.

లోపం ఎక్కడుంది? ఓఐఎస్‌డి పెట్రోలియం మంత్రిత్వ శాఖ కింద పని చేస్తుంది. ప్రభుత్వ చమురు కంపెనీలు కూడా అదే మంత్రిత్వ శాఖ కింద ఉన్నాయి. ఆడేవాడూ, ఈల వేసేవాడూ ఒకే ఇంటివాళ్ళు. ఇక తనిఖీ నివేదికలు కంపెనీకి పోతాయి, బోర్డుకు పోతాయి. పంచాయతీ గడప తొక్కవు. గొట్టం ఎవరి నెత్తిన పేలుతుందో వాళ్ళకు తప్ప అందరికీ ఆ కాగితం అందుతుంది.

ప్రభుత్వ కంపెనీలను ప్రైవేటుకు అప్పజెబితే ఇవన్నీ బాగుపడతాయనే వాదన ఒకటి ఈ మధ్య గట్టిగా వినిపిస్తోంది. సాన్ బ్రూనోలో ఉన్నది ప్రైవేటు కంపెనీయే. ప్రభుత్వ కంపెనీ అయితే సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ పెట్టి అడిగే దారైనా ఉంది. ప్రైవేటువాడి గడప దగ్గర ఆ దారి కూడా మూసుకుపోతుంది.

గదిలో కూర్చున్నవాడి గురించి కూడా ఒక మాట అనాలి. అతను మన శత్రువు కాదు. రాత్రి రెండు గంటలకు తెర మీద వందల అంకెలు చూస్తూ, అర్థం లేని అలారాలు మోగుతుంటే నొక్కుతూ, నిద్రతో పోరాడే ఉద్యోగి. రాత్రి పూట చేనుకు కాపలా పడుకున్నవాడికి తెలుసు, తెల్లవారుజామున కన్ను ఎలా మూతపడుతుందో. 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని చట్టాన్ని సవరించింది. పని గంటలు పెంచడం ఆ కార్మికుల గొడవ, మనకేమిటని వ్యవసాయ కార్మికులు అనుకోకూడదు. వాల్వు మూయవలసినవాడి కన్ను మూతపడితే కాలిపోయేది మన ఇల్లు.

మొదటి అక్షరం రాసేవాడు

కంట్రోల్ రూం పుస్తకానికి అసలు మొదటి అక్షరం రాసేది కంట్రోల్ రూంలో కాదు. పొలం గట్టు మీద. లైను వెంబడి రోజూ నడిచే గస్తీ మనిషి ఉంటాడు, లైన్ వాకర్ అంటారు. ఎక్కువ మంది కాంట్రాక్టు కింద పని చేసే మన ఊళ్ళ కుర్రాళ్ళే. సెంటు భూమి లేనివాళ్ళు, లేదా అరెకరం మెట్ట ఉన్నవాళ్ళు. నడిచినట్టు తెలియడానికి జిపిఎస్ యంత్రం ఒకటి ఇస్తారు. మట్టి ఎక్కడైనా కొత్తగా తవ్వి ఉందా, గెడ్డ కోతకు గొట్టం బయటపడిందా, పైరు ఒక్క చోటే ఎండిపోయిందా, వాసన వస్తోందా అని చూసి రాయాలి.

కొన్నేళ్ళ కిందట అటువంటి కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చాడు. ఏ లైనో, ఏ కాంట్రాక్టరో ఇక్కడ అనవసరం. మూడు నెలలుగా జీతం రాలేదన్నాడు. "అన్నియ్యా, వానాకాలం గెడ్డ దాటలేక అవతల మూడు కిలోమీటర్లు నడవలేదు. నడవలేదని రాస్తే ఆ రోజు కూలి కోసేస్తానన్నాడు సూపర్‌వైజరు. యంత్రం ఇంకో మనిషికిచ్చి బండి మీద తిప్పించినారు. నడిసినట్టే లెక్క పడిపోయింది" అన్నాడు. అంటే ఆ రోజు కంట్రోల్ రూంలో ఉన్నవాడికి "మొత్తం లైను గస్తీ అయింది, అంతా క్షేమం" అని కనబడింది. గెడ్డ వరదలో గొట్టం మీది మట్టి కొట్టుకుపోయేది సరిగ్గా అటువంటి రోజునే.

ఉపాధి పనుల్లో 2023 జనవరి నుంచి ఫోటో హాజరు తప్పనిసరి చేశారు, దొంగ మస్టర్లు ఆగుతాయని. సిగ్నల్ లేని చోట నిజంగా పని చేసినవాడి హాజరు పడలేదు, ఫోటోను ఫోటో తీసి పంపినవాడి హాజరు పడింది. యంత్రం అబద్ధం ఆడదంటారు. నిజమే, యంత్రం చేత ఆడిస్తారు. నిజం రాసినవాడి కూలి కోసే పద్ధతి ఉన్నంత కాలం ఏ యంత్రం తెచ్చినా అబద్ధమే రాసిపెడుతుంది. లైన్ వాకర్‌కు కనీస వేతనం, నెల నెలా జీతం, "నడవలేకపోయాను" అని రాసే హక్కు కావాలి. ఇది సంఘం చేసే జీతాల బేరం మాత్రమే కాదు, ఊళ్ళ భద్రత.

భూమి రికార్డులో కూడా ఇదే జబ్బు. 1962 చట్టం ప్రకారం గొట్టం వేసే భూమిని కొనరు, "వాడుకునే హక్కు" తీసుకుంటారు. గెజిట్లో ప్రకటన వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం చెప్పాలి. ఆ గెజిటు మన పల్లెల్లో ఎంతమంది చూస్తారో మీకు తెలుసు. తర్వాత ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు వేయకూడదు. పంట నష్టం పోగా భూమి విలువలో నూటికి పది పాళ్ళు పరిహారం. జీడి తోట, కొబ్బరి తోట బతుకుగా ఉన్న జిల్లాలో చెట్టు వేయకూడదంటే ఏమిటో ఢిల్లీలో చట్టం రాసినవాడికి తెలియదు. సరే, ఆ పరిహారం ఎవరికి? అడంగల్లో పేరున్నవాడికి. సాగు చేసేది కౌలు రైతు, పేరుండేది పట్నంలో ఉన్న యజమానిది. ఆ ఏడాది కోతలు పోయి పని పోగొట్టుకున్న కూలి తల్లి పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. 2011లో ఈ చట్టాన్ని సవరించి గొట్టం జోలికి వచ్చినవాళ్ళకు శిక్షలు పెంచారు. చమురు దొంగల కోసమే అన్నారు, కావచ్చు. గొట్టాన్ని కాపాడడానికి చట్టం బిగిసినంతగా, గొట్టం నుంచి జనాన్ని కాపాడడానికి ఎందుకు బిగియలేదు?

ఏమి అడగాలి?

మన కార్యకర్తలు చేయగలిగినవి ఉన్నాయి. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ బయట ఊళ్ళ కోసం అత్యవసర ప్రణాళిక తయారు కావాలి, దానికి ఏడాదికొకసారైనా రిహార్సల్ జరగాలి, ప్రమాదం తగలగల జనానికి ముందే సంగతి చెప్పాలి. బోర్డు 2010 నిబంధనలు పైపులైన్లకు కూడా ఇటువంటి ప్రణాళికలు కోరుతున్నాయి. కలెక్టరు కార్యాలయానికి పోయి మన మండలానికి సంబంధించిన పేజీలు అడగాలి. తెలుగులో అడగాలి. ఆఖరి రిహార్సల్ ఏ తేదీన, ఏ ఊళ్ళో జరిగింది, ఎంతమంది ఊరివాళ్ళు ఉన్నారు అని రాతపూర్వకంగా అడగాలి.

ఊరి నుంచి వచ్చిన ప్రతి ఫోనుకు నంబరు ఇచ్చి, ఆ నంబరు మీద ఏమి చేశారో పంచాయతీకి తెలపాలని కంపెనీలను కోరాలి. గ్రామసభలో ఏడాదికొకసారి గస్తీ రిజిస్టరు, తనిఖీ నివేదిక చదివి వినిపించాలి. రహస్యం అంటారు, దేశ భద్రత అంటారు. వాల్వు తాళం ఎక్కడుందో మనకు అక్కర లేదు. వాల్వు మూయడానికి ఎంతసేపు పడుతుందో తెలిస్తే చాలు. ఆ మాత్రం చెప్పడానికి అభ్యంతరం దేనికి? సోంపేటలో 2010లో, కాకరాపల్లిలో 2011లో అడిగినవాళ్ళకు తూటాలతో జవాబు చెప్పారు. మనం మరచిపోలేదు. అయినా అడగడం మానము.

ఇంకొకటి, ఇది మనవాళ్ళకే. జెసిబి పని చేసేవాళ్ళు, బోరు వేసేవాళ్ళు, చేపల చెరువులు తవ్వేవాళ్ళు హెచ్చరిక రాయి కనిపిస్తే ఆగండి. తవ్వేముందు తెలియజేయడానికి 2023 మార్చిలో కేంద్రం "కాల్ బిఫోర్ యు డిగ్" అని ఒక ఫోను యాప్ పెట్టింది. యజమాని తొందర పెట్టాడని గునపం దించితే మొదట పోయేది గునపం పట్టినవాడే. వాసన వచ్చినా, నేల మీద బుడగలు కనిపించినా బీడీ వెలిగించొద్దు, బండి స్టార్టు చేయొద్దు, గాలి వచ్చే వైపుకు నడిచి పోండి. తర్వాత ఫోను.

భావనపాడు సమావేశం ఆ రోజు ఒక తీర్మానం చేసింది. కంపెనీ పుస్తకం మనకు చూపించేదాకా మన పుస్తకం మనమే రాద్దామని. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నారు. తేదీ, వేళ, చోటు, ఏమి కనిపించింది, ఎవరికి ఫోను చేశాం, ఏమన్నారు అని ఆరు గళ్ళు గీశారు. తొమ్మిదో తరగతి చదివే ఒక ఆడపిల్ల రాయడానికి ఒప్పుకుంది. చుట్టుపక్కల ఊళ్ళకు పనికి పోయే మనవాళ్ళు చూసింది సాయంత్రం వచ్చి ఆమెకు చెప్పాలి.

మొన్న వెళ్ళి చూశాను. మొదటి పేజీలో ఒకే ఒక వరస ఉంది. నాట్లకు పోయిన చోట ఒక హెచ్చరిక స్తంభం గాలివానకు ఒరిగి పడి ఉందట. దాని మీద ఫోను నంబరు ఉంది గానీ రంగు పోయి చివరి మూడు అంకెలు కనబడడం లేదట. "ఎవరికి ఫోను చేశాం" అన్న గడి ఖాళీగా ఉంది.